ఓవెన్‌లో చేప: ఆఫీసు నుంచి వచ్చాక నలభై నిమిషాల్లో రాత్రి భోజనం

విశాఖలో చేప దొరకడం పెద్ద సమస్య కాదు. దాన్ని వండే టైమ్ దొరకడమే సమస్య. గాజువాక నుంచో మధురవాడ నుంచో ట్రాఫిక్ దాటుకుని ఇంటికి చేరేసరికి ఏడున్నర అవుతుంది. అప్పుడు చింతపండు నానబెట్టి, ఉల్లిపాయలు వేయించి, పులుసు దగ్గరపడేదాకా పొయ్యి ముందు నిలబడే ఓపిక ఎవరికుంటుంది? పోనీ వేపుడు చేద్దామంటే వాయి తర్వాత వాయి వేస్తూనే ఉండాలి. నూనె చిందుతుంది, ఫ్లాట్ అంతా పొగ. ఓవెన్‌లో అయితే ట్రే లోపల పెట్టాక ఆ పన్నెండు, పదిహేను నిమిషాలు మీవే. ఈలోపు కుక్కర్ దిగుతుంది, చారు కాగుతుంది.

అయితే ఓవెన్ కొన్న చాలామంది ఒకసారి చేప పెట్టి చూసి, "ఎండిపోయింది" అనో "నీళ్లలో ఉడికినట్టుంది" అనో వదిలేసి మళ్లీ మూకుడు దగ్గరికే వెళ్తారు. అలా అవడానికి కారణం మసాలా కాదు, ఓవెన్ కూడా కాదు. ముక్క ఎంత మందం ఉంది, దాని మీద తడి ఎంత ఉంది, ఈ రెండే. ఈ వంట సగం చేపలు కొట్టించే చోటే అయిపోతుంది. అందుకే మసాలా సంగతి కాస్త ఆగి చెబుతాను.

చేప ఎందుకంత త్వరగా ఉడుకుతుంది

మేక మాంసంలో కండను పట్టి ఉంచే పొరలు గట్టివి, అవి మెత్తబడటానికే గంట పడుతుంది. చేప బరువును నీళ్లే మోస్తాయి కాబట్టి దాని కండకు అంత గట్టి పట్టు అక్కర్లేదు. ఆ పొరలు పలచగా ఉండి తక్కువ వేడికే కరిగిపోతాయి. ముక్క లోపల వేడి 60 డిగ్రీల సెల్సియస్ దాటేసరికి కండ రేకులు రేకులుగా విడిపోతుంది. 63 డిగ్రీలకు చేరితే తినడానికి భయం లేదు. 70 దాటాక మాత్రం కండలోని నీరంతా బయటికి వచ్చేసి పీచు మిగులుతుంది. అంటే బాగా ఉడికిన చేపకూ పాడైపోయిన చేపకూ మధ్య తేడా రెండు మూడు నిమిషాలే. పులుసులో అయితే ఆ పొరపాటును రసం కప్పేస్తుంది. ఓవెన్‌లో కప్పేదేమీ లేదు.

ఇక్కడ గుర్తుపెట్టుకోవాల్సిన లెక్క ఒక్కటే. బాగా వేడెక్కిన ఓవెన్‌లో, అంటే 200 నుంచి 220 డిగ్రీల దగ్గర, అంగుళం మందానికి సుమారు పది నిమిషాలు. ముక్క బరువుతో పనిలేదు, మందమే లెక్క. మన మసాలా పూత పచ్చివాసన పోవాలి కాబట్టి ఇంకో రెండు మూడు నిమిషాలు కలుపుకోండి.

ఏ చేప తీసుకోవాలి

మొదటిసారి చేస్తున్నవాళ్లకు నేను చెప్పేది వంజరం. నడిముల్లు తప్ప పెద్దగా ముళ్లుండవు, ముక్కలన్నీ ఒకే ఆకారంలో వస్తాయి, పిల్లలు కూడా టెన్షన్ లేకుండా తింటారు. కాకపోతే కొవ్వు తక్కువ, త్వరగా పొడిబారుతుంది. నూనె పూయడంలో పిసినారితనం పనికిరాదు. ధర కూడా వారం మధ్యలో మామూలు రాత్రి భోజనానికి ఎక్కువే.

ఓవెన్‌కు అసలు సరిపోయేవి, నా లెక్కలో, కానాగంతలు. వంజరంతో పోలిస్తే చాలా చవక, ఒంట్లో కొవ్వు ఉంటుంది కాబట్టి ఓ రెండు నిమిషాలు ఎక్కువైనా క్షమించేస్తాయి. తల ఉంచినా తీసినా సరే, పొట్ట శుభ్రం చేయించి, రెండు వైపులా మూడేసి ఏటవాలు గాట్లు పెట్టి పూర్తి చేపగానే పెట్టండి. 150, 200 గ్రాముల చేప 220 డిగ్రీల దగ్గర పన్నెండు నుంచి పదిహేను నిమిషాల్లో అయిపోతుంది. తోలు మీద నూనె బుసబుసలాడుతూ కరకరలాడుతుంది. వేపుడుకు అంత దగ్గరగా వచ్చే చేప ఇంకోటి లేదు.

చందువా కూడా పూర్తిగానే పెట్టాలి. బల్లపరుపుగా ఉంటుంది కాబట్టి వేడి సమంగా పడుతుంది. 300 గ్రాములది పదిహేను నుంచి పద్దెనిమిది నిమిషాలు. పండుగప్ప ముక్కలైనా, ముల్లు తీసిన కండైనా బాగుంటుంది. చెరువుల్లో కూడా పెంచుతారు కాబట్టి సముద్రపు చేప దొరకని రోజుల్లో అదే దిక్కు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరపడవల వేటకు నిషేధం ఉంటుంది. ఆ రెండు నెలల్లో వంజరం అని అడిగితే కనిపించేది ఎక్కువగా ఐస్‌లో దాచిన సరుకే. దానికి మండే ధర పెట్టడం కంటే పండుగప్ప నయం.

శీలావతి, బొచ్చె పులుసుకు రాజాలే కానీ ఓవెన్‌కు వద్దు. వాటి కండలో సన్నని చీలిక ముళ్లు ఉంటాయి. పులుసన్నంలో నిదానంగా ఏరుకుంటూ తినే చేప అది, రాత్రి ఎనిమిదిన్నరకు హడావిడిగా తినేది కాదు. బోన్‌లెస్ అని సూపర్ మార్కెట్లలో అమ్మే బాసాతో పని తేలికే గానీ నీరు ఎక్కువ, రుచి తక్కువ. ట్యూనా కొవ్వులేని చేప, ఓవెన్‌లో చెక్కలా అయిపోతుంది. కవళ్లు, నెత్తళ్లు మూకుట్లోనే బాగుంటాయి.

కొనేటప్పుడు

తాజా చేపను గుర్తుపట్టడం వైజాగ్ వాళ్లకు నేను చెప్పాలా? కన్ను ఉబ్బి మెరుస్తుండాలి, మొప్పలు ఎర్రగా ఉండాలి, వేలితో నొక్కిన గుంట వెంటనే పూడాలి. ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాలి. కానాగంతలు, ట్యూనా లాంటి చేపలు ఐస్ లేకుండా ఎండలో ఉండిపోతే వాటి కండలో హిస్టమిన్ తయారవుతుంది. ఎంత ఉడికించినా అది పోదు. తిన్న కాసేపటికే ముఖం ఎర్రబడటం, దద్దుర్లు, తలనొప్పి వస్తాయి. కాబట్టి ఈ రకాలు ఐస్ మీద ఉన్నవే కొనండి. ఆఫీసు నుంచి వచ్చేటప్పుడు కొంటే దారిలో ఇంకో రెండు పనులు పెట్టుకోకుండా నేరుగా ఇంటికి రండి.

ఇప్పుడు అసలు విషయం. చేపలు కోసే ఆవిడ ముందు కూర్చున్నాక "కర్రీకా, ఫ్రైకా?" అని అడుగుతుంది. కర్రీ అంటే బాగా లావు ముక్కలు, ఫ్రై అంటే పలచటి ముక్కలు వస్తాయి. మనకు రెండూ వద్దు. "అమ్మా, బొటనవేలి మందం కొట్టు, అన్నీ ఒకేలా ఉండాలి" అని చెప్పండి. అంటే సుమారు రెండు సెంటీమీటర్లు. ఇది చెప్పకపోతే ఒక ముక్క అంగుళంన్నర, పక్కది అరంగుళం వస్తుంది. అప్పుడు ఒకటి పచ్చిగా ఉండగానే ఇంకోటి ఎండిపోతుంది, మీరు ఎన్ని నిమిషాలు పెట్టినా ప్రయోజనం ఉండదు. తోక వైపు ముక్కలు ఎలాగూ పలచగా ఉంటాయి, వాటినీ తలనూ విడిగా కట్టించుకోండి. ఆదివారం పులుసుకు పనికొస్తాయి.

ఫిషింగ్ హార్బర్‌లో సందడంతా తెల్లవారుజామునే. ఉద్యోగం ఉన్నవాళ్లకు అది ఆదివారం మాటే. కాబట్టి ఆదివారమే హార్బర్‌లోనో, పెదజాలరిపేటలోనో, పూర్ణా మార్కెట్‌లోనో రెండు పూటలకు సరిపడా కొనేసి, ఒక పూటవి ఫ్రీజర్‌లో పెట్టుకోవడం తెలివైన పని. కడిగి, పూర్తిగా తడి తుడిచి, జిప్ కవర్‌లో ఒక్క వరసగా పరిచి, గాలి నొక్కేసి పెట్టండి. ముద్దగా కుక్కితే కరగడానికి పూటంతా పడుతుంది. వండే రోజుకు ముందు రాత్రి కవర్‌ను ఒక గిన్నెలో ఉంచి ఫ్రిజ్ కింది అరలోకి మార్చండి. మర్చిపోయారా, కవర్ విప్పకుండా చల్లటి నీళ్లలో ముంచితే ఒక్క వరసే కాబట్టి అరగంటలో వదులవుతుంది. వేడినీళ్లలో వేయకండి, బయట కౌంటర్ మీద పొద్దున పెట్టి ఆఫీసుకు వెళ్లిపోకండి. మన ఊరి ఉక్కలో సాయంత్రానికి అది చేప కాదు, ఇంకేదో అవుతుంది. ఒకసారి కరిగిన పచ్చి చేపను మళ్లీ ఫ్రీజర్‌లో పెట్టొద్దు.

ఓవెన్ సంగతి

ఓటీజీ (ఓవెన్-టోస్టర్-గ్రిల్లర్) ఉంటే పైన, కింద రెండు రాడ్లూ ఆన్ చేసి, ట్రేను మధ్య అరలో పెట్టాలి. ప్రీహీట్‌కు పది నిమిషాలు ఇవ్వండి. ఇది ఎగ్గొడితే చేప నిదానంగా వేడెక్కుతూ నీళ్లు వదులుతుంది, ఆ నీళ్లలోనే ఉడుకుతుంది. ఓటీజీని 16 ఆంపియర్ల పెద్ద సాకెట్‌కే పెట్టండి. ఇన్వర్టర్ మీద నడిపే ఆలోచన మానుకోండి.

కన్వెక్షన్ మైక్రోవేవ్ అయితే కన్వెక్షన్ మోడ్‌లోనే, కంపెనీ ఇచ్చిన స్టాండ్ మీద. మామూలు మైక్రోవేవ్ మోడ్‌లో ఫాయిల్, స్టీల్ పళ్లెం పెట్టకూడదని తెలిసిందే. ఎయిర్ ఫ్రయర్‌లో 190 డిగ్రీలు, పది నుంచి పన్నెండు నిమిషాలు చాలు. ఇద్దరికే వంట అయితే అదే మేలు, ముక్కలు మాత్రం ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు. ఏ ఓవెన్ అయినా డయల్ మీద అంకెను పూర్తిగా నమ్మొద్దు. లోపల వేలాడదీసే చిన్న థర్మామీటర్ దొరుకుతుంది, అది కొనుక్కుంటే చాలా అనుమానాలు తీరతాయి.

మామూలు రోజు పద్ధతి

నలుగురికి లెక్క ఇది. వంజరం ముక్కలు 600 గ్రాములు, ఉప్పు ఒక టీస్పూన్, కారం ఒకటిన్నర టీస్పూన్, పసుపు పావు టీస్పూన్, ధనియాల పొడి ఒక టీస్పూన్, మిరియాల పొడి అర టీస్పూన్, అల్లం వెల్లుల్లి ముద్ద ఒక టేబుల్ స్పూన్, బియ్యప్పిండి ఒక టీస్పూన్, వేరుశనగ నూనె రెండు టేబుల్ స్పూన్లు, రెండు రెబ్బల కరివేపాకు, ఒక నిమ్మకాయ. గరం మసాలా వద్దు. తాజా చేప కొని దాని రుచిని లవంగాల కింద పాతిపెట్టడం ఎందుకు?

1. ఇంట్లోకి రాగానే, బట్టలు కూడా మార్చుకోకముందే, ఓవెన్‌ను 220 డిగ్రీలకు పెట్టేయండి. బియ్యం కడిగి కుక్కర్ ఎక్కించండి. ట్రేలో బంగాళాదుంప కూడా ఉండాలనుకుంటే ముక్కలు కోసి ఒక గిన్నెలో అదే కుక్కర్‌లో పెట్టండి. పచ్చి దుంప చేపతో సమానంగా వేగదు, దానికి అరగంట కావాలి.

2. ముక్కల్ని చిటికెడు పసుపు, ఉప్పు వేసిన నీళ్లలో ఒక్కసారి కడిగి వంచేయండి. బియ్యం కడిగిన నీళ్లతో కడిగే అలవాటుంటే అదీ మంచిదే, నీచు తగ్గుతుంది. ఇక తుడవడం. శుభ్రమైన పాత నూలుగుడ్డతోనో టిష్యూతోనో ప్రతి ముక్కనూ రెండు వైపులా, అంచుల్లో, నడిముల్లు దగ్గర గుంటలో కూడా అద్దండి. గుడ్డకు తడి అంటనంత వరకు. రెండు నిమిషాల పని ఇది. ఇది చేయనివాళ్లకే "నీళ్లలో ఉడికినట్టుంది". తడి పూర్తిగా ఆవిరయ్యేదాకా చేప పైభాగం 100 డిగ్రీలు దాటదు, అది దాటకుండా రంగు పట్టదు, కరకర రాదు.

3. పొడులు, అల్లం వెల్లుల్లి ముద్ద, బియ్యప్పిండి, నూనె కలిపి గట్టి పేస్టు చేసుకోండి. నీళ్లు చుక్క కూడా వేయకండి. ముద్ద బిగుసుగా ఉంటే ఇంకాస్త నూనె వేయండి. నిమ్మరసం ఇప్పుడు అర టీస్పూన్ మించొద్దు. నిమ్మ పులుపు నీచు వాసనను అణుస్తుంది, నిజమే, కానీ ఎక్కువసేపు ఉంటే వేడి తగలకముందే కండను బిగించి నీళ్లు వదిలిస్తుంది. మిగతా నిమ్మకాయ వడ్డనకు దాచండి.

4. ముక్కలకు పూత పట్టించి, ఓవెన్ వేడెక్కేదాకా అలా ఉంచండి, చాలు. గంట నానాలి, రాత్రంతా నానాలి అనేది మాంసం లెక్క. చేప కండ పలచన, పది నిమిషాల్లో ఉప్పు పడుతుంది.

5. ట్రేకు నూనె రాసి ముక్కల్ని వేలెడు ఎడం ఉండేలా పరచండి. ఇరుకుగా పెడితే ఆవిరి బయటికి పోయే దారి ఉండదు. చుట్టూ ఉల్లి చక్రాలు, కాప్సికమ్ ముక్కలు, ఉడికిన దుంపలు నూనె, ఉప్పు అద్ది పెట్టొచ్చు. టమాటా వద్దు, నీళ్లు వదులుతుంది. కరివేపాకు ముక్కల కింద పెట్టండి, పైన పెడితే మాడుతుంది.

6. మధ్య అరలో పదకొండు నిమిషాలు. తిప్పే పని లేదు. ఈ టైమ్‌లో చారు పెట్టుకోండి. తర్వాత ట్రేను పై అరకు మార్చి, పై రాడ్ మాత్రమే ఉంచి రెండు నిమిషాలు. ఇక్కడ మాత్రం ఫోన్ పక్కన పెట్టి అద్దంలోంచి చూస్తూ ఉండాలి. కారం మాడటానికి అర నిమిషం చాలు.

7. బయటికి తీసి మూడు నిమిషాలు వదిలేయండి. లోపలి వేడి ఇంకా పనిచేస్తూనే ఉంటుంది, రసం కండలోకి సర్దుకుంటుంది. అప్పుడు నిమ్మకాయ పిండండి.

ఉడికిందో లేదో చూడటానికి నడిముల్లు పక్కన ఫోర్క్ గుచ్చి కొద్దిగా తిప్పండి. కండకు గాజులాంటి మెరుపు పోయి తెల్లగా, రేకులుగా విడిపోవాలి. ముల్లు నుంచి సులువుగా ఊడాలి. పట్టుకుని వేలాడితే ఇంకో రెండు నిమిషాలు. ముక్కల మీద తెల్లటి గడ్డల్లాంటిది బుడిపెలుగా తేలితే భయపడకండి, అది చేపలోని ప్రొటీనే. కానీ బాగా ఎక్కువగా తేలిందంటే ఓవెన్ మితిమీరిందని అర్థం, వచ్చేసారి ఒక నిమిషం తగ్గించండి.

ఉత్తరాంధ్ర చేత్తో: ఆవ పెట్టి, అరిటాకులో

పనసపొట్టు కూరకు, అరటికాయ కూరకు ఆవ పెట్టే ఇళ్లలో చేపకు మాత్రం ఎందుకు పెట్టకూడదు? ట్రే కూడా కడగక్కర్లేని పద్ధతి ఇది.

టేబుల్ స్పూన్ ఆవాలు పది నిమిషాలు నానబెట్టి, రెండు పచ్చిమిర్చి, రెండు టేబుల్ స్పూన్ల పచ్చికొబ్బరి, పావు టీస్పూన్ పసుపు, టీస్పూన్ ఉప్పుతో కలిపి రుబ్బండి. ఉప్పు, మిర్చి కలిపి రుబ్బితే చేదు రాదు. ఆవ ఘాటు నలిగి నీళ్లు తగిలినప్పుడు పుడుతుంది, వేడికి చచ్చిపోతుంది. అందుకే కదా కూర దించాక ఆవ కలుపుతాం. ఇక్కడా అదే సూత్రం. ముద్దలో మూడొంతులకు రెండు టేబుల్ స్పూన్ల నువ్వుల నూనె కలిపి చేపకు పట్టించండి. మిగతాది పక్కన ఉంచి, పొట్లం విప్పాక వేడి ముక్క మీద రాయండి. ముక్కుకు ఎక్కే ఆ ఘాటు అప్పుడే దొరుకుతుంది.

రైతు బజారులో తెచ్చిన అరిటాకు ఈనె తీసేసి, పొయ్యి మంట మీద రెండు వైపులా ఒకసారి ఆడిస్తే రంగు మారి మెత్తబడుతుంది, మడతపెడితే చిరగదు. ఒక్కో ముక్కను పొట్లం కట్టి, తెల్లదారంతో చుట్టండి. 200 డిగ్రీలు, పద్దెనిమిది నుంచి ఇరవై నిమిషాలు. ఆకు అడ్డం ఉంది కాబట్టి టైమ్ ఎక్కువ, కానీ లోపల ఆవిరిలో ఉడుకుతుంది కాబట్టి ఎండిపోయే భయం బాగా తక్కువ. రాడ్ మరీ దగ్గరగా ఉంటే పైన ఒక ఫాయిల్ కప్పండి. ఎయిర్ ఫ్రయర్‌లో చేసేవాళ్లు దారం గట్టిగా కట్టండి, లేకపోతే ఫ్యాన్ గాలికి ఆకు లేచి పైకి అతుక్కుంటుంది. నీళ్లు కారే బాసా కూడా ఇలా చేస్తే తినేలా ఉంటుంది.

దీంతో ఏం తినాలి

ఓవెన్ చేపలో రసం ఉండదు, కాబట్టి అన్నంలోకి ఏదో ఒకటి తడిగా కావాలి. మిరియాల చారు మొదటి ఓటు. టమాటా పప్పు ఫ్రిజ్‌లో ఉంటే ఇంకా మంచిది. పప్పన్నంలో నంజుకోవడానికి ఈ ముక్కను మించింది లేదు. చేపా పెరుగూ కలిపి తినకూడదని ఇంట్లో పెద్దవాళ్లు పట్టుబడితే వాదన పెట్టుకోకండి, ఆ పూటకు పెరుగు పక్కన పెట్టి పచ్చి ఉల్లిపాయ, కీర ముక్కలు కోయండి.

కడగడం, వాసన

వండటానికి ముందే ట్రే మీద ఫాయిల్ పరిచి ఉంటే ఈ భాగం మీకు అక్కర్లేదు. లేకపోతే వేడి ట్రేలో వెంటనే వేడినీళ్లు, కాస్త వంట సోడా పోసి భోజనం చేసి రండి, గీకే పని ఉండదు. పిండేసిన నిమ్మ తొక్కల్ని పారేయకుండా ఒక స్టీల్ గిన్నెలో నీళ్లతో వేసి, 150 డిగ్రీల దగ్గర పది నిమిషాలు ఓవెన్‌లో పెడితే నీచు వాసన పోతుంది. లేకపోతే శనివారం పిల్లలకు చేసే కేక్ కానాగంతల వాసన వేస్తుంది. ఓవెన్ తలుపు తర్వాత కాసేపు తెరిచే ఉంచండి, సముద్రపు గాలికి లోపల తడి నిలిచి తుప్పు పట్టడం మన ఊళ్లో త్వరగా జరుగుతుంది.

మిగిలిన ముక్కల్ని చల్లారగానే మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. మర్నాడు ఆఫీసు మైక్రోవేవ్‌లో వేడి చేయొద్దు, ముక్క రబ్బరులా అవుతుంది, పైగా ఫ్లోర్ మొత్తానికి మీ డబ్బాలో ఏముందో తెలిసిపోతుంది. పొద్దున్నే ముళ్లు ఏరి, కండను చేత్తో పొడిగా నలిపి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కరివేపాకు వేయించిన మూకుట్లో వేసి మూడు నాలుగు నిమిషాలు బాగా వేడెక్కేలా తిప్పితే సొరచేప పుట్టు పద్ధతిలో పొడి కూర అవుతుంది. చపాతీలో చుట్టి డబ్బాలో పెడితే మధ్యాహ్నం చల్లగా తిన్నా బాగుంటుంది, వాసనా ఉండదు.